మచ్చల రేకుల మర్మం

“నేరస్థులారా, మూటాముల్లె సర్దుకోండి! ఈ శతాబ్దపు మేధావి రంగంలోకి దిగాడు!”

మా తమ్ముడి వర్క్‌షాపు గుమ్మంలో మా ఆయన చేసిన ప్రకటన ఇది. దిగుతూ దిగుతూ సబ్బునీళ్ల బకెట్లో కాలు పెట్టారు.

తమ్ముడిది ఉక్కు రేకులకు తుప్పు పట్టకుండా పూత వేసే పని. రేకుల్ని శుభ్రంగా కడిగించి ఫాస్ఫేట్ తొట్టిలో ముంచితే బూడిదరంగు పూత పడుతుంది. వారం రోజులుగా అది మచ్చలు మచ్చలుగా వస్తోంది. తొట్టిలో మందు మార్చాడు, వేడి మార్చాడు. ఇక అనుమానించడానికి మిగిలింది రేకులు కడిగే పిన్నిగారే.

“ఈ పూట కూడా మచ్చలొస్తే రేపట్నుంచి రావద్దు పిన్నీ,” అనేశాడు.

“పన్నెండేళ్లుగా కడుగుతున్నా. నా చేతులు ఈ వారమే పని మర్చిపోయాయా బాబూ?”

మా ఆయన భూతద్దం తీశారు. “ఆహా! ఇది అంతర్జాతీయ ముఠా గీసిన రహస్య పటం!”

“అది మచ్చ, బావా.”

“పటాలన్నీ మొదట్లో అలాగే ఉంటాయి బామ్మర్దీ.”

వేలిముద్రల కోసమని, పిన్నిగారు అప్పుడే కడిగిపెట్టిన రేకు మీద నా పౌడరు డబ్బా బోర్లించారు. వెంటనే తుమ్మారు. పౌడరు సగం రేకుకి, సగం మీసానికి.

“కడిగిన రేకు పాడుచేశారే! నా పని ఊడగొట్టడానికే వచ్చారా అయ్యా?” పిన్నిగారు చేతిలో గుడ్డ విసిరికొట్టారు.

మా ఆయన బెదిరిపోయారు. పెళ్లయ్యాక ఒక్క గిన్నె తోమని మనిషి, పక్కనున్న గరుకు పీచు అందుకుని ఆ రేకును తళతళలాడేదాకా తోమేశారు. పిన్నిగారు దాన్ని మళ్లీ కడిగి, మిగతా వాటితో పాటు తొట్టిలో ముంచారు.

పైకి తీస్తే అన్నిటికీ మచ్చలే. ఆయన తోమిన రేకుకి మాత్రం పావురం రెక్కలా నిండైన పూత!

తమ్ముడు నోరు తెరిచాడు. ముంచకుండా మిగిలిన ఒక రేకును తెల్లగుడ్డతో గట్టిగా రుద్దాడు. గుడ్డంతా మసి.

“పోయిన వారం వచ్చిన కొత్త ఉక్కు అక్కా ఇది! పైన మసిపొరతోనే వచ్చింది. కడిగితే పోదు, తోమితేనే పోతుంది. అది ఉన్నచోట పూత పట్టడం లేదు. మెరుస్తోంది కదా అని రేకును అనుమానించనేలేదు.”

“నేను మొదటి నిమిషంలోనే కనిపెట్టాను,” అన్నారు మా ఆయన, మీసం దులుపుకుంటూ.

తమ్ముడు తల దించుకున్నాడు. “తప్పు నాదే పిన్నీ. రేపు వస్తావు కదూ?”

“వస్తాను బాబూ. కానీ ఇవాళ్టికే మూడొందల రేకులున్నాయి. ఒక్కదాన్నే తోమలేను.” పిన్నిగారు గరుకు పీచును మా ఆయన చేతిలో పెట్టారు. “మీ బావగారి చెయ్యి చూశాంగా. బంగారం.”

ఆయన నావైపు దీనంగా చూశారు.

నేను దగ్గరికెళ్లి, ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచిపెట్టాను.