దాతగారి ఫ్లెక్సీ

ప్రపంచంలోని ఆడపిల్లలందరినీ నాయకురాళ్లుగా తీర్చిదిద్దాలని దాతగారు సంకల్పించారు. ముప్ఫై దేశాల ప్రతినిధుల ముందు ఆ మాట ప్రకటించి, మొట్టమొదట మా బడిని కటాక్షించారు. అక్కడ హాజరుపట్టీలు రాసే గుమాస్తాగా నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

ఆయన ఫౌండేషన్ నుంచి ప్రోగ్రాం ఆఫీసరు వచ్చి, మొహమాటం లేకుండా మీ అవసరం చెప్పమన్నాడు.

"ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు బాబూ," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఇళ్లకి పోతారు. మళ్లీ రారు. లెక్కల క్లాసేమో మధ్యాహ్నమే."

"తలుపు మా థీమ్‌లో లేదు మేడమ్."

"మరేముంది?"

"లీడర్‌షిప్."

"దాంతోపాటు ఓ తలుపు కూడా..."

"ఒక తలుపు ఒక గదికే పనికొస్తుంది మేడమ్. మేం ప్రపంచమంతటికీ పనికొచ్చేవే ఇస్తాం."

రోజూ తలుపులు తీసి వేసే మాకు ఈ లోతు ఎన్నడూ తట్టలేదు. విద్యాశాఖను అడిగితే, దాత ఉన్న బడికి తామెందుకివ్వాలన్నారు. మేమే పెట్టుకుందామంటే, వాళ్ల అనుమతి లేనిదే గోడకి మేకు కొట్టకూడదు. మా అమ్మాయి ఆ బడిలోనే ఎనిమిదో తరగతి. భిన్నాల దగ్గరే ఆగిపోయింది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి.

శిక్షణ ఒక పూట దివ్యంగా జరిగింది. పిల్లలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడటం నేర్చుకున్నారు. అతిథులు వెళ్లిపోయాక వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ మిగిలింది. అందులో దాతగారు చేతులు చాచి నిలువెత్తున నవ్వుతున్నారు. హెడ్మిస్ట్రెస్ గారూ ఆయా కలిసి దాన్ని తాడుతో మరుగుదొడ్డికి వేలాడదీశారు. తాడుకి అనుమతి అక్కర్లేదు.

"మొహం బయటివైపుకే ఉంచమనండి నాన్నా," అంది మా అమ్మాయి.

మర్నాటి నుంచి పిల్లలు సాయంత్రం దాకా ఉన్నారు. మా అమ్మాయి భిన్నాలు దాటి శాతాల్లోకి వచ్చింది. నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. హాజరు చూసి ఫౌండేషన్ నివ్వెరపోయింది. ఒక్క పూట శిక్షణకే ఇంత ఫలితమా అని దాతగారు స్వయంగా విచ్చేశారు.

"నీలో వచ్చిన మార్పేంటమ్మా?" అని మా అమ్మాయినే అడిగారు.

"మీరు మాకు అడ్డంగా నిలబడ్డారండీ. అందుకే ఉంటున్నాం."

"అండగా అంటోంది సార్," అని ఆఫీసరు సర్దాడు.

దాతగారు చలించిపోయి, బడంతా చూస్తూ వెనకవైపుకి వచ్చారు. ఫ్లెక్సీ కనబడగానే ఆఫీసరు మొహం మాడిపోయింది.

"మేడమ్, ఇది పాత లోగో. పోయిన నెలే మార్చాం. పాతది ఎక్కడా కనబడకూడదు."

"అయితే కొత్తది ఇవ్వండి బాబూ."

"ఇప్పుడు ఫ్లెక్సీలు మానేశాం. పర్యావరణం."

హెడ్మిస్ట్రెస్ గారు తాడు కొస కాసేపు వదల్లేదు. తర్వాత వదిలారు. ఫౌండేషన్ వాళ్లు ఫ్లెక్సీని ఎంతో మర్యాదగా మడతపెట్టి తీసుకెళ్లారు.

మర్నాడు మధ్యాహ్నం బెల్లు కొట్టాక మా అమ్మాయి సంచీ భుజాన వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "వెళ్లొస్తా నాన్నా," అంది. నేను తల ఊపాను.

హాజరు ఎందుకు పడిపోయిందో నిపుణులు మూడు నెలలు పరిశోధించారు. శిక్షణ ప్రభావం కొన్నాళ్లకి తగ్గుతుందని తేల్చారు. దాతగారు వెంటనే రెండో విడత ప్రకటించారు. ఈసారి రెండు రోజులు.

రెండు రోజులూ ఉదయం పూటే పెట్టమని మా హెడ్మిస్ట్రెస్ గారు వినయంగా ఉత్తరం రాశారు.