తాతగారు ఇక లేరు

ఆ ఆదివారం పొద్దున్నే వార్త పంపేసి, మళ్లీ దుప్పటి ముసుగేయాలన్నది సంపాదకుడి పథకం. జీతంలేని ఉద్యోగంలో అంతకు మించిన ఆశలుండవు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, ఎవరైనా చెయ్యి వేయగల ఒక ప్రోగ్రామింగ్ భాషకు అతను వారంవారం వార్తలు రాస్తాడు. ఈ వారం వార్త పెద్దది. మనుషులు రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టే పాత కంపైలర్‌ను పక్కన పెట్టాలని సభ్యులు స్వల్ప మెజారిటీతో ఓటేశారు. దాన్ని అందరూ ముద్దుగా 'తాతగారు' అనేవారు.

"తాతగారు ఇక లేరు. ఆయన సేవలు మరువలేం" అని రాసి, సగం నిద్రలో 'మనవాళ్లం' అనే సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెట్టాననుకున్నాడు. అది పడింది అత్తవారి గ్రూపు 'మనవాళ్లు'లో. సున్నాకీ కొమ్ముకీ ఉన్నంతే తేడా.

"అయ్యో! ఎప్పుడు?" అని వెంటనే వచ్చింది. అడిగిందెవరో చూడకుండానే జవాబులు మొదలుపెట్టాడు.

"నిన్న సాయంత్రం. అందరం ఓటేసి తేల్చేశాం."

"ఓటేమిటి?"

"మరీ నెమ్మదించారు కదా. ఒక్క మాట అర్థం చేసుకోవడానికి ఎంతసేపు పట్టేదో మీకు తెలీదా? ఆయన చోట కొత్తాయన్ని పెట్టేశాం. చురుకైనవాడు."

"అమ్మమ్మకి తెలుసా?"

ఎవరో హాస్యమాడారనుకుని సంపాదకుడు ముసిముసిగా నవ్వుకున్నాడు. "తెలిస్తే ఆవిడే ముందు ఓటేసేది" అని రాసి, మళ్లీ ముసుగేశాడు.

గంట తర్వాత వంటింట్లోంచి భార్య ఫోను పట్టుకుని పరుగున వచ్చింది.

"మా తాతయ్యని ఏం చేశారండీ?"

అప్పుడు చూశాడు గ్రూపు పేరు.

ఇద్దరూ రొప్పుతూ వెనకవీధిలోని తాతగారింటికి చేరేసరికి వాకిలి నిండా అద్దె కుర్చీలు. బావమరిది మనిషెత్తు పూలచక్రం పట్టుకుని, ఎక్కడ ఆనించాలో తెలియక నిలబడ్డాడు. తాతగారు మొదటి వరుసలో కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"బావా, ఇది వాపసు తీసుకోరట" అన్నాడు బావమరిది నీరసంగా.

"నేను నెమ్మదించానని రాసింది నువ్వేనా?" అన్నారు తాతగారు.

"మీరు కాదండీ... అది కంపైలర్..."

"దాని పేరు తాతగారా?"

"ముద్దుపేరండీ."

"మరి ఆ చురుకైనవాడు ఎప్పుడొస్తాడు నాయనా?" అని గుమ్మంలోంచి అమ్మమ్మ అడిగింది. ఏడవడానికి వచ్చినవాళ్లు కొంగులు నోటికి అడ్డుపెట్టుకున్నారు. సంపాదకుడికి భూమి చీలితే బాగుండుననిపించింది.

తాతగారు మాత్రం చుట్టూ ఉన్న మనవల్ని, మనవరాళ్లని తీరిగ్గా చూసుకున్నారు. "వీళ్లంతా ఒక్కసారి కనబడి ఎన్నాళ్లయిందో! కూర్చోండర్రా, భోంచేసి వెళ్దురు. నువ్వు మాత్రం ముందు నేనున్నానని రాయి. నా ఎదురుగా."

అక్కడే నిలబడి రాశాడు. "తాతగారు నిక్షేపంగా ఉన్నారు. తొందరపడ్డాం, క్షమించండి. ఆయన్ని ఎవరూ ఎక్కడికీ పంపించరు. ఇకముందూ మనతోనే ఉంటారు."

కంగారులో ఈసారి అది సున్నా ఉన్న గ్రూపులో పడింది.

'మనవాళ్లం'లో పండగే పండగ. ఓటింగులో ఓడినవాళ్లు చిందులేశారు. గెలిచినవాళ్లు సైతం, తమకీ మనసొప్పలేదని మెల్లగా బయటపడ్డారు. విందు ముగిసి, సంపాదకుడు ఫోను తెరిచేలోపు పాత తీర్మానం రద్దయింది. పాత కంపైలర్‌ను కనిపెట్టుకుని ఉండే పనికి, దానికోసం అంత ఆవేదనతో రాసినవాడినే ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

అతన్ని మాత్రం ఎవరూ ఓటు అడగలేదు.