మునక లెక్క

ఆ సోమవారం పొద్దున కాలేషా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి షాపు తెరవాలి. నకరికల్లు రైతు పడేసి వెళ్ళిన కాలిపోయిన మోటారుకు కాయిల్ చుట్టాలి. మధ్యాహ్నం ఇంటికెళ్ళి గోంగూర మాంసంతో అన్నం తిని ఒక కునుకు తీయాలి. ఇందులో నీళ్ళ ప్రసక్తే లేదు.

పిడుగురాళ్లలో మోటార్లు బాగుచేసే షాపులు నాలుగున్నా, గుమ్మం ముందు గాలి సిలిండరు వేలాడే షాపు కాలేషాది ఒక్కటే. అతని బావమరిది మీరా సాహెబ్ కువైట్‌లో, సముద్రంలో మునిగి పనిచేసే దొరల పడవలో కూలి. కిందటేడు సెలవుకు ఓడలో వస్తూ, ఆ దొరలు వద్దనుకున్న పాత సరంజామా తెచ్చి బావకు బహుమతిగా ఇచ్చాడు. వీపుకు కట్టుకునే సిలిండరు, నోట్లో పెట్టుకునే గొట్టం, కళ్ళకు అద్దం, కాళ్ళకు బాతు పాదాల్లాంటి రబ్బరు చెప్పులు. సిలిండరులో ఉన్నది బొంబాయిలో నింపించిన గాలి.

అవన్నీ తగిలించుకుని కాలేషా ఇంటి వెనక సిమెంటు తొట్టిలో అయిదు నిమిషాలు ముడుచుకుని కూర్చున్నాడు. అతని అనుభవమంతా అదే. టీకొట్లో చెప్పగా చెప్పగా ఆ అయిదు నిమిషాలు ఏడాది తిరిగేసరికి అరగంటయ్యాయి, తొట్టి పెద్ద బావి అయింది. అతనికి ఈత రాదన్న సంగతి మాత్రం చెప్పే సందర్భం ఎప్పుడూ రాలేదు.

షాపు తలుపు తీశాడో లేదో, సున్నపురాయి క్వారీ నడిపే అంకమ్మరావు జీపు దిగాడు.

"ఒరేయ్ కాలేషా, నువ్వే దిక్కు. గుంటలో నీళ్ళు తోడే మోటారు తెప్పతో సహా తిరగబడి మునిగింది. లోతు చానా ఉందని ఈతగాళ్ళు ఎవురూ రామంటన్నారు. నీ కాడ సామానుంది, అనుభవముంది. రేపు దిగి మోకు కట్టిరా, పైకి మేం లాక్కుంటాం."

చుట్టూ టీ తాగేవాళ్ళు పదిమంది. అందరూ కాలేషా వంకే చూస్తున్నారు. భయం అనే రెండక్షరాలు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చున్నాయి.

"దిగటానికేంది అంకమ్మరావుగారూ, ఇప్పుడే దిగుతా," అన్నాడు కాలేషా. అంటూనే సరంజామా పెట్టెలో బావమరిది పెట్టిన ఉత్తరం గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. గబగబా తీసి పైకి చదివాడు.

"'బావా, కొత్తగా మునిగేవాడికి మునక కంప్యూటర్ ఉండాలా అక్కర్లేదా అని ఇక్కడ మా దొరలే రోజూ తగువులాడుకుంటారు. చేతికి కట్టుకుంటే ఎంత లోతులో ఉన్నామో, ఎంతసేపు ఉండొచ్చో, పైకొచ్చేటప్పుడు మధ్యలో ఎక్కడ ఆగాలో అదే చెబుతుంది. అది లేకుండా కొత్తవాడు దిగితే ప్రాణానికే ముప్పని మా పెద్ద దొర అంటాడు.' విన్నారుగా? కంప్యూటర్ రానీండి. వచ్చిన మర్నాడే మీ మోటారు ఒడ్డున ఉంటది."

పిడుగురాళ్లకు కంప్యూటర్ రావడమంటే సముద్రం రావడమంత దూరం. కాలేషా ధైర్యంగా టీ చెప్పాడు. సరిగ్గా అప్పుడే అతని భార్య మహమూదా టిఫిన్ డబ్బాతో వచ్చింది. తమ్ముడి చేతిరాత చూసి మురిసిపోయి, ఉత్తరం లాక్కుని వెనక్కి తిప్పింది.

"రెండో పక్క చదవలేదేందయ్యా? 'మా చిన్న దొర మాత్రం, ఒకసారి దిగి వచ్చే కొత్తవాడికి అంత యంత్రం దండగ, లోతూ టైమూ ఒడ్డున ఎవరన్నా లెక్కగట్టి తాడుతో సైగ చేస్తే చాలంటాడు.' చూశారా, మా తమ్ముడు ఎంత వివరంగా రాశాడో! ఇంక భయమేముంది, మా ఆయన దిగుతాడు!"

కాలేషా టీ చల్లారిపోయింది.

లెక్కగట్టడానికి ఎవరున్నారని వెతకక్కర్లేకపోయింది. పక్క బల్ల మీద లెక్కల మాస్టారు అబ్దుల్ రహీమ్ కూర్చునే ఉన్నారు. రిటైరై మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళలో ఆయన్ను ఎవరూ ఒక్క లెక్క కూడా అడగలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"కంప్యూటర్ చేసేది లెక్కే కదా! నేను ముప్పైరెండేళ్ళు చేసిందేమిటి?"

ఆ సాయంత్రమే ఆయన గుంట దగ్గరికెళ్ళి, కాపలాదారు చిన్నకోటయ్య చేత తాడుకు రాయి కట్టించి పైనుంచి వదిలించారు. లోతు ఇరవై అడుగులు తేలింది. ఆ అంకె నోటుబుక్కు మొదటి పేజీలో రాసి, కింద రెండు గీతలు గీశారు. అంకమ్మరావు తొందరగా కానిమ్మని చెప్పి, పర్మిట్ల పని మీద హైదరాబాదు బస్సెక్కాడు.

కాలేషాకు మిగిలిన దారి ఒక్కటే, సందేహాలు అడగడం. మొదటిరోజు, తన బరువు ఎక్కువ కదా, దాని సంగతేమిటన్నాడు. మాస్టారు రెండు పేజీలు రాశారు. మర్నాడు, లోపల దగ్గొస్తే ఎట్టాగన్నాడు. దగ్గుకు ఎంత గాలి ఖర్చవుతుందో తేల్చడానికి మాస్టారు తానే రోజంతా దగ్గారు. తుమ్ముకు ఇంకో రోజు పట్టింది. అడిగిన సందేహమల్లా మాస్టారికి పండగే. అలా తొమ్మిది రోజులు గడిచాయి. ఇంకో నెల లాగొచ్చునని కాలేషా అనుకున్నాడు గానీ పదో రోజున నోటుబుక్కు అయిపోయింది, దాంతో మాస్టారు లెక్క పూర్తయిందని ప్రకటించారు.

ఈ మధ్యలో చిన్నకోటయ్య రెండుసార్లు ఊళ్ళోకి వచ్చాడు. "మాస్టారూ, ఆ గుంటలో నీళ్ళు..." అని మొదలెట్టాడు.

"లోతు రాసుకున్నాం, అయిపోయింది. లెక్క మొదలయ్యాక మధ్యలో మాట్లాడకూడదు," అని మాస్టారు రెండుసార్లూ పంపించేశారు. బళ్ళో ఎన్ని వందలమంది నోళ్ళు మూయించిన గొంతో అది, కోటయ్య చేతులు కట్టుకుని వెళ్ళిపోయాడు.

మునిగే రోజు గుంట చుట్టూ తిరనాళ్ళే. సున్నం లారీలు ఆగిపోయాయి. మహమూదా వీధి వీధంతా పిలుచుకొచ్చింది. అందరూ లారీలు దిగే వాలుదారి వెంట నీళ్ళ దాకా నడిచారు. నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి, అడుగు కనబడితే ఒట్టు.

ఆ పొద్దునే హైదరాబాదు నుంచి దిగిన అంకమ్మరావు ఆగి వెనక్కి చూశాడు. "ఈ దారి పొడుగైనట్టుందే మాస్టారూ? పోయినసారి ఇంత దూరం దిగలేదే!"

"పోయినసారి మీరు జీపులో దిగారు," అన్నారు మాస్టారు.

"నీళ్ళు తగ్గినట్టు లేవూ?"

"ఎండకు నాలుగంగుళాలు ఇంకుతాయి. లెక్కలో కలిపాను."

కాలేషా సరంజామా అంతా తగిలించుకుని బండ మీద నిలబడ్డాడు. నడుముకు సైగల తాడు, చేతిలో మోటారుకు కట్టే మోకు. సైగల తాడు రెండో కొస మాస్టారి చేతిలో, పెళ్ళినాటి టైంపీసు మహమూదా చేతిలో. ఒక్క లాగు లాగితే అంతా బాగుందని, రెండు లాగితే సగం పైకొచ్చి మూడు నిమిషాలు ఆగమని, మూడు లాగితే పూర్తిగా పైకి రమ్మని. కాలేషాకు పెళ్ళాం మొహం చూడాలనిపించింది. చూస్తే ఏడుపొస్తుందని చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, సరంజామా పెట్టె మీద బొమ్మలో దొర పడినట్టే వెల్లకిలా పడ్డాడు.

దబ్బుమంది. తెల్లనీళ్ళు లేచి ముందు వరసలో వాళ్ళందరికీ సున్నం కొట్టాయి. నీళ్ళు సర్దుకునేసరికి అతను బోర్లా తిరిగాడు, జనానికి సిలిండరు కనబడింది. దాని కింద కాలేషా వీపూ, ఆ వెనక భాగమూ కూడా కనబడ్డాయి. ఎండలో మెరుస్తూ అవి నెమ్మదిగా ముందుకు పాకుతున్నాయి. తల మాత్రం నీళ్ళలో ఉంది.

"ఇప్పుడు ఇరవై అడుగుల్లో ఉన్నాడు," అన్నారు మాస్టారు, కళ్ళు నోటుబుక్కులో పెట్టి.

వీపు కాసేపు పాకి ఒకచోట ఆగింది. చేతులు లోపల తడుముకున్నాయి, ఏదో కట్టాయి. మోకు బిగిసింది. టైంపీసు గణగణ మోగింది. మాస్టారు తాడు రెండు లాగులు లాగారు.

కాలేషా చెప్పింది చెప్పినట్టు సగం పైకి వచ్చాడు. అంటే మోకాళ్ళ మీద లేచాడు. నడుము నుంచి పైన మనిషంతా గాల్లో ఉన్నాడు. అద్దాల వెనక కళ్ళు మూసుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, రెండు చేతులూ చాచి, అడుగున చెప్పులు టపటప కొట్టుకుంటూ ఆగాడు.

"మాస్టారూ, మనిషి బయటే ఉన్నాడు గదా!" అంది మహమూదా.

"లెక్క ప్రకారం ఇంకా పదడుగుల లోతులో ఉన్నాడమ్మా. రెండు నిమిషాలు ఓపిక పట్టు."

మహమూదా టైంపీసు ఆయన చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి నీళ్ళలోకి నడిచింది. తొడల దాకా వచ్చాయి. మొగుడి నోట్లోంచి గొట్టం పీకింది. కాలేషా కళ్ళు తెరిచి పెళ్ళాన్ని చూసి హడలిపోయాడు.

"ఏమే, నువ్వెట్టా మునిగావే? సిలిండరన్నా లేకుండా?"

గుంట చుట్టూ నవ్వు మొదలైంది. అది లారీల దాకా పాకింది. కాలేషా కిందికి చూసుకున్నాడు, ఒడ్డుకు చూశాడు, మళ్ళీ కిందికి చూసుకున్నాడు. మహమూదాకు నవ్వు రాలేదు. అతను ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదలడం లేదు.

"అంత భయమైతే నాతో చెప్పగూడదా?"

"ఎట్టా చెప్పనే, వీధంతా నువ్వు చెప్పుకుంటివి గదా," అన్నాడు కాలేషా. "నాకు ఈత గూడా రాదు."

మహమూదా కొంగుతో అతని మొహం తుడిచింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆమె నలుగురి ముందు అలా చేయడం అదే మొదలు.

ఒడ్డున అంకమ్మరావు చిన్నకోటయ్య మీద పడ్డాడు. "నీళ్ళన్నీ ఏమైనయ్‌రా?"

"అవతలి మిరపతోటలోళ్ళు తొమ్మిది రోజులుగా ఇంజన్లు పెట్టి తోడుకుంటన్నారయ్యా. చెబుదామని రెండు మాట్లు వచ్చా. లెక్క జరగతందని మాస్టారుగారు నోరు మూసుకోమన్నారు."

అందరూ మాస్టారి వంక తిరిగారు. ఆయన నోటుబుక్కు మొదటి పేజీ చూసుకున్నారు. "లెక్కలో తప్పేమీ లేదు," అన్నారు తాపీగా. "నీళ్ళే మాట మీద నిలబడలేదు."

పదిమంది కలిసి మోకు లాగితే మోటారు బురదలోంచి కదిలి వచ్చింది. ముడి గట్టిగా పడింది. కళ్ళు మూసుకుని వేసినా మెకానిక్ ముడి కదా.

మూడు నెలల తర్వాత మీరా సాహెబ్ మనసు కరిగి, ఎవరి చేతనో పాత మునక కంప్యూటర్ ఒకటి పంపించాడు. మాస్టారు దానితోపాటు వచ్చిన పుస్తకం మొత్తం చదివి వినిపించారు. అయిదడుగుల లోతు దాటితే తప్ప అది మునగడం కింద జమ కట్టదట. సిలిండరు పక్కనే దాన్నీ గుమ్మానికి వేలాడదీశారు. దాని లెక్కలో కాలేషా ఇంతవరకూ నీళ్ళలో దిగలేదు.