ఏ బిడ్డ చదువూ ఆగరాదను తీర్మానం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రజలకు శుభవార్త. మన బిడ్డలకు చదువెందుకు అబ్బలేదో మా బాలవిద్యోద్ధరణ సంఘం కనిపెట్టేసింది. పదహారేళ్ళు పట్టింది, అంతే.

శెనక్కాయల ధర పడిపోయిన 1931లో, కూలి దొరకని ఇళ్ళన్నీ పిల్లల్ని బడి మానిపించి, మండీల్లో కాయలు ఒలవడానికి కూర్చోబెట్టాయి. తర్వాత ధర కోలుకుంది. పిల్లలు మాత్రం బడి మొహం చూడలేదు. ఇంత సూక్ష్మ విషయం తట్టినందుకు మాకు మేమే దండలు వేసుకున్నాం.

అధ్యక్షులు మండీ మల్లప్పగారు. ఆ కాయలు ఒలిపించింది ఆయనే కనుక ఈ విషయంలో ఆయనంత అనుభవం ఎవరికీ లేదు. కార్యదర్శిని నేను. నేనూ ఆ ఏడు బడి మానినవాణ్ణే. గోడల మీది నాటకాల నోటీసులు చూసి అక్షరాలు దిద్దుకున్నాను. "బడికి పోకనే ఈయప్ప ఇంత అరుస్తాండాడే, ఇంగ బడులు యాల?" అని పెద్దమనుషులు నన్ను ఊరూరా ఉదాహరణగా చూపిస్తారు. నేను వినయంగా నమస్కారం పెడతాను.

పుంగనూరు సభలో అరిచాను. కుప్పంలో ఇంకా అరిచాను. మదనపల్లె మహాసభ నాటికి గొంతు పూర్తిగా పోయింది. "ఏ కారణం చేతనూ ఏ బిడ్డ చదువూ ఆగరాదు" అనే తీర్మానం ఇక చదివేదెవరు? అధ్యక్షులు చదవడం హోదాకు తక్కువ. సభ్యులంతా కాయలు ఒలిచిన తరమే, చదవడం రాదు. అందుకని ఆస్పత్రిలో ఊడ్చే యేసమ్మ కూతురు కృపమ్మను బడి నుంచి పిలిపించాం. పదేళ్ళ పిల్ల, గడగడా చదువుతుంది.

వెనకే యేసమ్మ పరిగెత్తుకొచ్చింది.

"అప్పా, ఈ పొద్దు దానికి హైస్కూల్లో చేరే పరీచ్చ ఉండాది. ఇడిసిపెట్టప్పా."

"ఒక్క పూటేనమ్మా," అన్నాను, గొంతు పెగలక గుసగుసగా.

"నన్ను కాయలొలిసేదానికి కూసోబెట్నప్పుడూ ఒక్క వారమే అనిరి. యాడప్పా, ఆ వారం ఇంగా అయిపోలేదే! మీ తీర్మానం రేపు సదివితే సచ్చిపోతాదా?"

మల్లప్పగారు గంభీరంగా లేచారు. "ఏమ్మా, నీ ఒగ బిడ్డ కోసరం దేశంలో బిడ్డలందర్నీ పాడు సేస్తావా?"

సభామర్యాద దృష్ట్యా యేసమ్మను బయట నిలబెట్టాం.

కృపమ్మ ఒక్క తప్పు లేకుండా చదివింది. చప్పట్లు మోగాయి. మల్లప్పగారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. తీర్మానం ఏకగ్రీవం. అప్పటికి పరీక్ష ముగిసింది. వచ్చే ఏడు రాసుకోవచ్చని, అందాకా ఊరికే ఉండకుండా తన మండీలో కాయలు ఒలవచ్చని మల్లప్పగారు ఉదారంగా సెలవిచ్చారు.

వేదిక దిగుతూ ఆ పిల్ల కాగితం నా చేతిలో పెట్టి అడిగింది. "అప్పా, దీంట్లో ఉండే బిడ్డలు ఎవురు?"

నేను గొంతు చూపించి, మాట రావడం లేదని సైగ చేశాను.

మీ గొంతులు బాగానే ఉన్నాయి కదా. మీరు చెప్పండి.