కింద మంచం

కిందటి నవంబరు నాలుగో తారీఖు గోవర్ధనరావుకు బాగా గుర్తు. ఆ ఉదయం గుడివాడలో రెండు ఉప్మా పెసరట్లు తింటూ, అల్లప్పచ్చడి రెండోసారి వేయించుకుంటూ, ఒక చిన్న ఆలోచన చేసుకున్నాడు. సాయంత్రం బస్సెక్కి రాత్రికి బందరులో పడుకోవడం, తెల్లవారుజామున మంగినపూడి సముద్రంలో కార్తీక పౌర్ణమి స్నానం చెయ్యడం, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం. మోకాళ్ళ డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. "ఇసకలో నడవండి మేష్టారూ, పరవాలేదు. నిచ్చెన గానీ ఎక్కారో, మర్నాడు అడుగు పడదు" అన్నాడు.

బందరులో లాడ్జీలన్నీ నిండిపోయాయి. ఉమాదేవిగారు నడిపే వసతి గృహంలో మాత్రం మంచం ఉందన్నారు. గదికి మూడు రెండంతస్తుల మంచాలు. ఆయనకిచ్చింది పై మంచం. దాని కింద మంచం మీద చల్లపల్లి విత్తనాల వ్యాపారి కాంతారావు కాళ్ళు చాపుకుని జామకాయ కొరుకుతున్నాడు. ఆయనకు యాభై దాటినా ఏ నొప్పీ ఎరగడు.

మోకాళ్ళ నొప్పులున్నాయి, మంచం మార్చుకుంటారా అని అడిగితే ఒక్క మాటతో తేలిపోయేది. కానీ గోవర్ధనరావు మర్యాదస్తుడు. ముందు ఊరు అడిగాడు.

"చల్లపల్లండీ" అన్నాడు కాంతారావు.

"మా వదినగారి పుట్టిల్లు చల్లపల్లే. సీతామహాలక్ష్మి అని..."

కాంతారావు జామకాయ పక్కన పెట్టేశాడు. కొందరికి పేకాట, కొందరికి చదరంగం. ఆయనకు చుట్టరికాలు తవ్వడం. "సీతత్తా! మా నాన్నకి బాబాయి కూతురండీ! అంటే నువ్వు నాకు మావయ్యవి! మావయ్యని పైకెక్కిస్తే ఊళ్ళో తలెత్తుకోగలనా? కూర్చో మావయ్యా!"

గోవర్ధనరావు కింద మంచం మీద కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ హాయిగా నిట్టూర్చాయి. అక్కడితో దుప్పటి కప్పుకుంటే సరిపోయేది. కానీ ఆయనకూ ఆ ఆట రుచి తగిలింది.

"పెదనలో మనవాళ్ళెవరైనా ఉన్నారా? మా అమ్మకి బాబాయి ఒకాయన ఉండేవాడక్కడ. లేటు వయసులో రెండో పెళ్ళి చేసుకున్నాడు."

"ఆ రెండో పెళ్ళికూతురు మా అక్కేనయ్యా!"

గదిలో మిగతా నలుగురూ ఫోన్లు కట్టేసి దగ్గరికి జరిగారు. వేళ్ళు మడిచి లెక్క తేల్చారు. కాంతారావు అక్క గోవర్ధనరావుకు అమ్మమ్మ. అమ్మమ్మ తమ్ముడు తాతయ్య.

"మావయ్య వరస దూరపుదండీ. తాతయ్య వరసే దగ్గరది" అని తీర్పు చెప్పాడు మూల మంచం ఆయన.

"విన్నావుగా మనవడా! తాతయ్యని పైకెక్కిస్తావా? లేవరా నాయనా, లే!" అన్నాడు కాంతారావు, తనకంటే పన్నెండేళ్ళు పెద్దవాడితో.

గోవర్ధనరావు మంచం కోడు గట్టిగా పట్టుకున్నాడు. ఇంకో దారి వెతక్క తప్పదు. "ఆగండాగండి. కోడూరు వైపునుంచి చూస్తే మనం బావలమవుతామేమో! వెంకటపతిగారబ్బాయి పెళ్ళికి మేం మగపెళ్ళివారం."

కాంతారావు ముఖం మాడింది. "మేం ఆడపెళ్ళివారం."

గోవర్ధనరావు మంచం కోడు వదిలేసి లేచి నిలబడ్డాడు.

"అయితే గడ్డపెరుగు అయిపోయిందని మజ్జిగ పోసింది మీరేనన్నమాట!"

"మూడుసార్లు పెరుగు వేయించుకుని, వెయ్యలేదని విస్తళ్ళ ముందునుంచి లేచిపోయింది మీరేగా!"

ఆ పెళ్ళయి ఇరవయ్యేళ్ళయింది. పెళ్ళాడినవాళ్ళు సుఖంగానే ఉన్నారు. భోజనానికొచ్చిన రెండు వైపులవాళ్ళకే అప్పటినుంచి మాటల్లేవు. ఇంతసేపూ మాట్లాడుకున్నందుకు ఇద్దరూ సిగ్గుపడ్డారు.

"మరి కింద మంచం ఎవరిదండీ?" అన్నాడు మూల మంచం ఆయన.

"ఆ ఇంటి మనిషి పైన, నేను కిందానా? మా వంశంలో లేదు!" అన్నాడు గోవర్ధనరావు.

"మా వంశంలో ఉందని చెప్పారా ఎవరైనా?" అన్నాడు కాంతారావు, గోడతో.

అప్పటిదాకా కింద మంచం కోసం పోరాడినవాళ్ళు ఇద్దరూ నిచ్చెన మీద పడ్డారు. వంశమంతా వెనకనుంచి తోస్తున్నట్టు గోవర్ధనరావు ముందు ఎక్కేశాడు. సగంలో నిచ్చెన ఊగింది. కాంతారావు తల పక్కకు తిప్పుకుని, రెండు చేతులా దాన్ని కదలకుండా పట్టుకున్నాడు. మాటల్లేవు గానీ, చేతుల సంగతి ఆ పెళ్ళిలో ఎవరూ తేల్చలేదు.

గోవర్ధనరావు పైకి చేరాక మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఇక దిగడం తన వల్ల కాదని ఆయనకు అర్థమైంది. రేపు సముద్రం తనే రావాలి.

గొడవ విని ఉమాదేవిగారు వచ్చింది. "అయ్యో, పక్క గదిలో రెండు కింద మంచాలు ఖాళీ అయ్యాయండీ! ఇందాకే చెబుదామని వచ్చాను. మావయ్యా అల్లుళ్ళు అంత ముచ్చటగా మాట్లాడుకుంటుంటే విడదీయడం పాపమని వెళ్ళిపోయాను."

కాంతారావు సంచీ తీసుకుని పక్క గదికి వెళ్ళిపోయాడు. ఉమాదేవిగారు మంచినీళ్ళ సీసా పైకి అందించి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.

కింద మంచం మీద ఆ రాత్రి సగం కొరికిన జామకాయ పడుకుంది.