దగ్గరికి లాగని కెమెరా

ఆదివారం పొద్దున్నే సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరి, మధ్యాహ్నం కొడుకును కూర్చోబెట్టి గురువారం కుప్పంలో జరగబోయే పెళ్లిచూపుల సంగతులన్నీ మాట్లాడాలని మునీశ్వరి అనుకుంది. ఆమె ఇంకా పొయ్యి ముందు ఉండగానే లోహిత్ చొక్కా జేబులో చిన్న కెమెరా వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

“యాడికి పోతాండావురా?”

“పుంగనూరు పక్కకు, ఫోటోలు తీసేదానికి.”

“పోయిన ఆదివారమూ ఆడికే పోతివి. ఆడేముండాది?”

“టమోటా తోటలుండాయిమ్మా.”

“మదనపల్లెలో పుట్టినోడివి, టమోటాలు సూసేదానికి పుంగనూరు పోవల్లనా?”

లోహిత్ నవ్వి గడప దాటాడు. ఆ నవ్వే ఆమెకు నచ్చలేదు.

కొడుకు హైస్కూల్లో లెక్కల టీచరు. ఫోటోలంటే పిచ్చి. పెద్ద కెమెరా, పొడుగు లెన్సులు, మూడుకాళ్ల స్టాండు అన్నీ ఉండేవి. ఈమధ్య వాటినన్నిటినీ ఒక స్టూడియో వాడికి ఇచ్చేసి, సబ్బుపెట్టెంత పాత కెమెరా ఒకటి తెచ్చుకున్నాడు. “ఇది దూరముండేదాన్ని దగ్గరికి లాగదంట కదరా?” అని ఆమె అడిగితే, “లాగదు. కావాలంటే మనమే నాలుగడుగులు దగ్గరికి పోవల్ల. అదే బాగుండాది” అన్నాడు. ఎవరి దగ్గరికి? ఆ మాట అప్పటినుంచీ ఆమెను వదల్లేదు. పైగా ఆదివారాలు ఇస్త్రీ చొక్కా వేస్తున్నాడు. టమోటాల కోసం ఇస్త్రీ చొక్కా వేసే మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

పక్క వాకిట్లోనే ఉండే తోడికోడలు అంకమ్మ అంతా విని తల ఊపింది. “వస్తువులన్నీ వదిలించుకోని, ఒకే తట్టు బస్సెక్కే మగోడు ఫోటోల కోసరం పోడక్కా. ఆడ ఎవరో ఉండారు.”

వచ్చిన సంబంధాలన్నీ తోసేసిన కొడుకు కుప్పం పిల్ల మాధవీలతకు మాత్రమే సరే అన్నాడు. కుప్పం వాళ్లు ఊరూరా విచారించే రకమని మధ్యవర్తి ముందే చెప్పాడు. ఒక్క మాట పొక్కినా సంబంధం పోయినట్టే.

ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు కాబట్టి అనుమానం తీర్చుకోవడానికి ఖర్చు కూడా లేదు. ఇద్దరూ కొంగులు తలమీదికి లాక్కుని లోహిత్ ఎక్కిన బస్సే ఎక్కారు. పుంగనూరులో సోమల బస్సు కోసం లోహిత్ టీ తాగుతూ నిలబడితే, ఇక్కడ ధర కాస్త నయమని అంకమ్మ సంచి నిండా టమోటాలు కొనేసింది.

సోమల దారిలో ఒక పల్లె దగ్గర లోహిత్ దిగాడు. వాళ్లూ దిగారు. అతను తిన్నగా ఒక తోటలోకి నడిచాడు. అక్కడ తలకు తువ్వాలు చుట్టుకుని, మగవాళ్ల చొక్కా తొడుక్కున్న చామనఛాయ అమ్మాయి ఒకతె కాయలు కోస్తోంది. లోహిత్ కెమెరా ఎత్తాడు. ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. చివరికి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అమ్మాయి నవ్వింది.

“మోకాళ్లేసినాడక్కా,” అంది అంకమ్మ.

మునీశ్వరి టమోటా కట్టెల మధ్య సాలులో కూలబడింది.

“ఎవురమ్మా ఆడ?”

తోట యజమాని చెంగయ్య కర్రతో వచ్చాడు. ధర మండిపోతున్న రోజులు. మొన్ననే పక్క తోటలో ఎవరో కాయలు కోసుకుపోయారు. అతని చూపు సంచి మీద పడింది.

“ఈ కాయలు యాడివి?”

“పుంగనూరు బస్టాండులో కొన్నామప్పా,” అంది అంకమ్మ.

“టమోటా తోటలోకి టమోటాలు కొనుక్కోని వస్తారా ఎవురన్నా?”

ఆ ప్రశ్న మునీశ్వరికీ న్యాయంగానే తోచింది. కానీ కొడుకు పేరు చెబితే ఊరంతా తెలుస్తుంది, ఊరికి తెలిస్తే కుప్పానికి తెలుస్తుంది. “తోట బేరానికి వచ్చినాం. మదనపల్లె మండీ వాళ్లం,” అంది.

“ఏ మండీ?”

అంకమ్మ అందుకుంది. “మండీ కాదప్పా, మేము గవర్నమెంటు.”

ఆ మాటకు పక్క తోటల్లోని వాళ్లూ వచ్చేశారు. “బైపాసు రోడ్డుకు భూములు రాసుకునేదానికి వచ్చినారా?” అన్నాడొకడు.

“ఆ గవర్నమెంటు కాదు, ఆవుల గవర్నమెంటు. పుంగనూరు ఆవుల్ని లెక్కపెడతాండాం.”

“ఆవుల్ని సాళ్లలో కూసోని లెక్కపెడతారా?” అన్నాడు చెంగయ్య. “వీళ్లు మామూలోళ్లు కాదు. ఫోటోల సారును పిలవండి. బాగా కనపడేటట్టు ఫోటో తీసి పోలీసోళ్లకిద్దాం.”

ఇద్దరూ కొంగులు ముఖాల మీదికి లాక్కున్నారు. సారు వచ్చాడు, వెనకే ఆ అమ్మాయీ వచ్చింది. కెమెరా ఎత్తాడు. దాంట్లో రెండు చీరలు చిన్నగా కనిపించాయి కాబోలు, అలవాటు ప్రకారం నాలుగడుగులు దగ్గరికి వచ్చాడు. ఇంకా వచ్చాడు. కెమెరా దించాడు.

“అమ్మా? సిన్నమ్మా?”

భయమంతా మునీశ్వరికి కోపమై పొంగింది. “నన్నేం సూస్తావురా. గురువారం కుప్పంలో సూపులు పెట్టుకోని, ఈడ ఈ పిల్ల ముందర మోకాళ్లేస్తాండావే,” అనేసింది. ఇంత దూరం వచ్చి, ఇన్ని అబద్ధాలు ఆడి దాచిందంతా తానే నలుగురి ముందు పెట్టానని ఆ తర్వాత తెలిసింది.

అమ్మాయి తలమీది తువ్వాలు తీసింది. “కుప్పం పిల్లను నేనే అత్తా.”

మునీశ్వరి కళ్లు చికిలించి చూసింది. ఆమె ఫోన్లో ఉన్న మాధవీలత పట్టుచీరలో, పాలమీగడ రంగులో ఉంది.

“అది స్టూడియో వాళ్ల పనత్తా. మీరు పంపిన ఫోటోలో ఈయప్ప గూడా అంతే తెల్లగా ఉండాడు. ఆ ఫోటోలు నమ్మక, ఈయప్పను నేరుగా సూసి, నా అసలు మొహం గూడా తీసుకోమని మా మామ తోటకాడికి నేనే రమ్మన్నాను.”

చెంగయ్య కర్ర కింద పడేశాడు. “అబ్బాయిని విచారించమని ఈ పిల్ల నాయన, మా బావ, నన్నే పెట్టినాడమ్మా. బంగారట్లాటోడు. అత్తను గూడా విచారించల్లని మాకు తోచలేదు.”

“ఈ సంగతి మీ బావకు చెప్పొద్దప్పా,” అంది మునీశ్వరి సన్నగా.

చెంగయ్య తన ఫోన్ వైపు చూసుకుని తల గోక్కున్నాడు. “మీరు దొరకంగానే వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టేసినానమ్మా. మా కుప్పం గ్రూపులో గూడా.”

గురువారం కుప్పంలో పెళ్లిచూపులు జరిగాయి. ఇంటినిండా చేరిన చుట్టాల్లో ఒక్కరూ అబ్బాయిని చూడలేదు. అందరూ మునీశ్వరినే చూశారు.