కోంబీ మీద లేసు గుడ్డ

ఎదిర్నె పట్టణంలో, ప్రశాంతి అని అర్థమొచ్చే హుజుర్ అపార్ట్‌మెంటులో, మూడో నంబరు ఇంట పదహారేళ్ళపాటు నిర్విరామంగా సేవలందించిన కోంబీ, నవంబరు పద్నాలుగో తేదీ ఉదయం పది గంటల నలభై నిమిషాలకు గట్టిగా ఒకసారి దగ్గి, కాసిని నీళ్ళు కార్చి, శాశ్వతంగా ఆగిపోయిందని తెలియజేయడానికి చింతిస్తున్నాము. వంటగది గోడకు వేలాడుతూ, గ్యాసు మంటతో నీళ్ళు కాచి, ఇటు గదుల్లోని రేడియేటర్లకూ అటు స్నానాల గది కుళాయికీ ఒంటిచేత్తో అందించిన ఆ పెట్టె ఏనాడూ సెలవడిగి ఎరగదు.

వార్త తెలిసిన గంటలోపే పరామర్శలు మొదలయ్యాయి. ఇంటి యజమాని రెఫిక్ గారు బడిలో భూగోళం చెప్పే పంతులు. ఇంత ఆదరణ ఆయన జన్మలో చూడలేదు. ఆయన తండ్రి పోయినప్పుడు ఇరుగుపొరుగు మూడో నాటికి గానీ గడప తొక్కలేదు. కోంబీ పోయేసరికి మాత్రం టీ వేళకే ముగ్గురూ పళ్ళేలతో సహా దిగారు. సరిగ్గా కింద ఉండే కుద్రెత్ గారు పాలకూర కూరిన పొరల రొట్టె, బోరెక్ తెచ్చారు. ఆయన భూముల రిజిస్ట్రేషను ఆఫీసులో రిటైరై, ప్రస్తుతం అపార్ట్‌మెంటు మేనేజరు పదవిని అలంకరించి ఉన్నారు. సరిగ్గా పైన ఉండే నెబహత్ గారు, కీర్తిశేషులైన జడ్జిగారి సతీమణి, బాదం మిఠాయి తెచ్చారు. పక్క వాటా ఒర్చున్, కట్టుడు పళ్ళు తయారుచేసే కుర్రాడు, నెలలు నిండిన తన భార్య తులిన్ ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చుట్టిన డోల్మా పట్టుకొచ్చాడు. ఆ ఊళ్ళో ఒకరి పళ్ళేన్ని ఖాళీగా తిరిగివ్వడం ఘోరమైన అమర్యాద. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక్కడ రెఫిక్ గారి భార్య ముజెయ్యెన్ గారి వేళ్ళ గురించి చెప్పాలి. ఆమెకు కీళ్ళవాతం. ఇల్లు కాస్త చల్లబడిందంటే వేళ్ళు కొయ్యబారిపోతాయి. లేసు అల్లడం ఆమెకు కాలక్షేపం కాదు, ప్రాణం. ఆ వేళ్ళు సూది మీద ఆడాలంటే గదిలో ఇరవై అయిదు డిగ్రీలుండాలి. అందుకే పదహారేళ్ళుగా అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా రెఫిక్ గారు కోంబీని ఒక్క పూటా ఆపలేదు. తన కోటు మాత్రం పదకొండేళ్ళుగా అదే. ఆయనకు భార్య అంటే ప్రేమ, అంతే. ఈ కథలో వ్యంగ్యం లేని వాక్యం ఇదొక్కటే కనుక జాగ్రత్తగా దాచుకోండి.

కొత్త కోంబీ ఎంపిక అనే ఈ మహత్కార్యాన్ని ఒక్క మనిషి భుజాల మీద వదిలెయ్యడం ధర్మం కాదని ముగ్గురు పొరుగువారూ భావించారు. తక్షణం సంఘం ఏర్పడింది. అధ్యక్ష స్థానం కుద్రెత్ గారిది. కొనవలసిన వాడు కాబట్టి రెఫిక్ గారికి టీలందించే బాధ్యత దక్కింది. అధ్యక్షులు కోటు గుండీలు పెట్టుకొని లేచి నిలబడ్డారు.

"రెఫిక్ గారూ! కోంబీ అంటే రేకు పెట్టె కాదండీ, సంసారానికి గుండెకాయ. గుండెకాయని ఎవరైనా చిన్న సైజులో కొంటారా? ఇరవై నాలుగు కిలోవాట్లు చాలట, ఎవడో చెప్పాట్ట! ఇరవై నాలుగు పావురాల గూటికి సరిపోతుంది. సంసారపక్షంగా బతికే వాడికి నలభై రెండుకు తగ్గకూడదు. ముప్పై ఏళ్ళు గవర్నమెంటు కొలువు చేసినవాణ్ణి చెబుతున్నా, రాసిపెట్టుకోండి!"

నెబహత్ గారు కొంగుతో కాదు గానీ, మెడలోని పట్టు రుమాలుతో కళ్ళొత్తుకున్నారు.

"నాయనా, నువ్వు మగాడివి, ఎట్లాగో తట్టుకుంటావు. ఆ పిల్ల వేళ్ళు చూడు, అప్పుడే ఎట్లా బిగుసుకుపోయాయో! దాని ఉసురు పోసుకోకు. మా జడ్జిగారే ఉంటే మారుమాట లేకుండా పెద్దదే కొనిపించేవారు."

"ఫోనుతో నడిచేది తీసుకో అన్నా," అన్నాడు ఒర్చున్. "నువ్వు బళ్ళో ఉన్నా ఇక్కడ మండుతూనే ఉంటుంది. ఆపే పనే ఉండదు."

"మరి మీ ఇళ్ళలో ఏ రకం వాడుతున్నారు?" అని రెఫిక్ గారు మర్యాదకు అడిగారు. ముగ్గురూ ఒక్కసారే టీ గ్లాసులెత్తి చప్పరించారు. టీ చాలా బాగుందని కూడా అన్నారు. నలభై రెండు కిలోవాట్లకు తక్కువ కాకుండా కొనాలని తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో రెఫిక్ గారిని ఎవరూ ఏ విషయంలోనూ పట్టించుకున్నది లేదు. ఇప్పుడు మెట్ల మీద ఎదురైన ప్రతివారూ ఆగి, "ఏమైంది, ఎంతవరకొచ్చింది?" అని అడుగుతున్నారు. ఆయన నడకే మారిపోయింది. దుకాణాలు తిరిగి రంగు రంగుల కరపత్రాలు తెచ్చి దిండు కింద పెట్టుకున్నారు. ఒక దుకాణదారుడు తన కోంబీ ఎంత నిశ్శబ్దమో వినిపించడానికి పావుగంటసేపు గట్టిగా ఉపన్యసించాడు. ఇంకొకడు నీలం దీపం వెలిగే రకం చూపించి, ఆ దీపం దేనికో తనకూ తెలియదు గానీ అందరూ అదే కొంటున్నారన్నాడు. స్టాఫ్ రూములో ప్రతి పంతులూ తన ఇంటి కోంబీని తిట్టి, అదే కొనమని సలహా ఇచ్చాడు. ఏడో తరగతి పిల్లలు ఆ వారం మెరిచ్ నది ప్రవాహాన్ని నిమిషానికి ఇన్ని లీటర్ల వేడి నీళ్ళ లెక్కన నేర్చుకున్నారు.

మూడో రోజు కొలతలు తీసుకోవడానికి రుస్తెమ్ మేస్త్రీ వచ్చాడు. సంఘం తీర్మానం విని సంచీ కింద పెట్టేశాడు.

"నలభై రెండా! ఏంది సారూ, వేడి చెయ్యాల్సింది ఇల్లా, మసీదా?" అన్నాడు. తర్వాత పక్కవాటా గోడ మీద చెయ్యేసి చూశాడు. కుర్చీ ఎక్కి పైకప్పు ముట్టుకున్నాడు. వంగి నేల తడిమాడు. "మూడు వైపులా మంచుగడ్డల్లా ఉన్నాయేంది? చుట్టుపక్కలోళ్ళు ఊళ్ళో లేరా?"

"ఎందుకు లేరు! ఇందాకే ముగ్గురూ వచ్చి మంచీచెడూ కనుక్కొని వెళ్ళారు," అన్నారు రెఫిక్ గారు గర్వంగా.

రుస్తెమ్ మేస్త్రీ ఆయన వంక చూసి, చెవి గోక్కొని, కొలతల టేపు బయటికి తీశాడు. కానీ ముజెయ్యెన్ గారు లేచి వంటగదిలోకి వెళ్ళారు. బిగిసిన వేళ్ళతోనే గుమ్మడికాయ ముక్కలు పాకం పట్టి, మూడు పళ్ళేల నిండా సర్ది, తిరిగివ్వడానికి స్వయంగా బయలుదేరారు.

కింద కుద్రెత్ గారు ఓవర్‌కోటు, ఉన్ని టోపీ తొడుక్కొని తలుపు తీశారు. ఇప్పుడే బయటికి వెళ్ళబోతున్నానన్నారు. కాళ్ళకు మాత్రం ఇంటి చెప్పులున్నాయి. ఆమె తిన్నగా వంటగదిలోకి నడిచి పళ్ళెం బల్ల మీద పెట్టి తలెత్తింది. కోంబీ కొన్ననాటి ప్లాస్టిక్ పొర చెక్కుచెదరకుండా, గ్యారంటీ కాగితంతో సహా ధగధగలాడుతోంది. ఆ గ్యారంటీ ముగిసి నాలుగేళ్ళయింది. పక్క వాటాలో కోంబీ ప్లగ్గు పీకేసి, ఆ చోట మిక్సీ తగిలించారు. ఇక పైన నెబహత్ గారి ఇంట్లో కోంబీ మీద తెల్లని లేసు గుడ్డ నిండుగా జారవేసి ఉంది. అంచున ద్రాక్ష గుత్తులు. నాలుగేళ్ళ కిందట నెబహత్ గారి అరవయ్యో పుట్టినరోజుకు ముజెయ్యెన్ గారు మూడు నెలలు కూర్చొని అల్లి ఇచ్చిన గుడ్డ అది.

ఇంటికొచ్చి ఆమె కుర్చీలో కూలబడింది.

"ఏమండీ, మనం ఇన్నాళ్ళూ నడిపింది కోంబీ కాదండీ. ఊరుమ్మడి పొయ్యి. మన చుట్టూ కూర్చొని అందరూ చలి కాచుకున్నారు."

రెఫిక్ గారికి కోపం కన్నా ముందు సిగ్గేసింది. వేడి ఎటునుంచి ఎటు పోతుందో ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు బోర్డు మీద బాణాలు గీసి చూపిస్తున్నది ఆయనే మరి.

ఇరవై నాలుగు కిలోవాట్ల కోంబీ కొన్నారు. రుస్తెమ్ మేస్త్రీ బిగించి వెళ్ళాడు. ముజెయ్యెన్ గారు దాన్ని వెలిగించనివ్వలేదు.

సరిగ్గా ఆ రోజే బాల్కన్ కొండల మీదనుంచి మంచు దిగింది. హుజుర్ అపార్ట్‌మెంటు చరిత్రలో అత్యంత ప్రశాంతమైన దినాలు మొదలయ్యాయి. ఎవరికి వారు ఇంట్లో ఓవర్‌కోటుతో కూర్చొని పక్కింటి కోంబీ చప్పుడు కోసం చెవులు రిక్కించారు. మెట్ల దగ్గర మేనేజరు గారి సంతకంతో ఒక ప్రకటన వెలిసింది. 'కొందరు నివాసులు సొంత లాభం చూసుకొని పొరుగు ధర్మాన్ని విస్మరించుట మిక్కిలి శోచనీయము.' ఆ కొందరు ఎవరో ప్రకటనలో లేదు గానీ బాణం గుర్తు మూడో నంబరు వైపుంది.

నాలుగో రోజుకు ముజెయ్యెన్ గారి చేతులు పిడికిళ్ళుగా బిగుసుకుపోయాయి. రెఫిక్ గారు ఆ చేతుల్ని తన కోటులో పెట్టుకొని రుద్దుతూ కూర్చున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా వల్ల కాదే. వెలిగించేస్తాను."

"దాని మీద చెయ్యేశారంటే మా అమ్మగారింటికి పోతాను," అంది ఆమె, పళ్ళు టకటకలాడుతుండగా. "ఎవరో ఒకరు ముందు వెలిగించనీండి."

అయిదో రోజున తులిన్ ఆసుపత్రి నుంచి పసిబిడ్డతో తిరిగొచ్చింది. ఒర్చున్ మారు ఆలోచన లేకుండా మిక్సీ పీకి కోంబీ వెలిగించాడు. సాయంత్రానికి మధ్య గోడ గోరువెచ్చనైంది. రెఫిక్ దంపతులు సోఫాను ఆ గోడకు జరిపారు. ఆరో రోజు కుద్రెత్ గారి కుళాయి గడ్డకట్టింది. గత్యంతరం లేక ఆయన ప్లాస్టిక్ పొర ఒలిచారు. కళ్ళెమ్మట నీళ్ళు పెట్టుకున్నారని కొందరంటారు. ఏడో రోజు నెబహత్ గారి పెంపుడు పిట్ట పాట మానేసింది. లేసు గుడ్డ మడతపడి బీరువాలోకి వెళ్ళింది.

పక్కనుంచి ఒర్చున్, కిందనుంచి కుద్రెత్ గారు, పైనుంచి నెబహత్ గారు. మూడో నంబరు ఇంట్లో ఉష్ణమాపకం ఇరవై అయిదు చూపించింది. ముజెయ్యెన్ గారి వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. రెఫిక్ గారు ఆ వేళ్ళను కళ్ళకద్దుకొని, సంతోషం పట్టలేక, ఒక పళ్ళెం నిండా సేమ్యా హల్వా పెట్టించుకొని బిడ్డను చూడటానికి పక్క వాటాకు వెళ్ళారు. బాలింతను చూడవచ్చిన వాళ్ళకిచ్చే ఎర్ర షర్బత్తు అందుకొని, బిడ్డ బుగ్గ తాకి, నొసలు ముడిచారు.

"తమ్ముడూ ఒర్చున్, పెద్దవాణ్ణి చెబుతున్నా, ఏమనుకోకు. పసిగుడ్డున్న ఇల్లు. ఇది చాలదు. ఇంకో రెండు డిగ్రీలు పెంచు. నువ్వు కోంబీ కూడా కొంచెం పెద్దది తీసుకోవలసింది. బిల్లు మొహం చూడకు, బిడ్డ మొహం చూడు!"

"అట్లాగే అన్నా. ఇంతకీ మీ కొత్తది ఎట్లా నడుస్తోంది?" అడిగాడు ఒర్చున్.

రెఫిక్ గారు గ్లాసెత్తి చప్పరించారు. షర్బత్తు చాలా బాగుందన్నారు.

ప్రస్తుతం మూడో నంబరు కోంబీ మీద కొత్త లేసు గుడ్డ శోభిస్తోంది. అంచున దానిమ్మ పువ్వులు. అది చూసిన వాళ్ళు చూడనివాళ్ళకు చెప్పగా, సరిగ్గా కోంబీ కొలతకే అల్లి పెట్టమని ఊరి నలుమూలల నుంచీ ముజెయ్యెన్ గారికి ఇప్పటికి పదిహేడు ఆర్డర్లు వచ్చాయి. మీక్కూడా ఒకటి కావాలంటే పొడవు, వెడల్పు చెబితే చాలు. మీ ఇల్లు ఎవరి మంటతో వెచ్చబడుతోందో ఆమె అడగదు.